గుడ్లు పెట్టే పెరటి కోళ్లకు గుల్ల, ఖనిజాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల పెరట్లోనో మేడ మీదనో నాలుగు నుంచి ఇరవై దాకా పెట్టలను పెంచుకునేవారు అడిగే సందేహాలు ఏడాది పొడవునా దాదాపు ఒకటే. పెంకు పలచగా ఉందని, గట్టి పెంకు లేని తోలు గుడ్డు పడిందని, ఏ పొడి కలపాలని అడుగుతూ ఉంటారు. ఇక్కడ గుల్ల అంటే పెంకుకు కాల్షియం అందించడానికి పెట్టే ఆల్చిప్పల ముక్కలు. ఆ ప్రశ్నలను కోడి వయసును బట్టి, అవసరాన్ని బట్టి ఇక్కడ వరుసగా పెట్టాను. ఏ జవాబుకు ఆ జవాబే పూర్తిగా ఉంటుంది కాబట్టి మీకు కావలసిన చోటి నుంచి చదువుకోవచ్చు.

## గుడ్లకు రాకముందు

పిల్లలకు ఇప్పటి నుంచే కాల్షియం పెడితే ఎముకలు గట్టిపడతాయి కదా?

గట్టిపడవు, మూత్రపిండాలు దెబ్బతింటాయి. ఎదిగే పిల్లల దాణాలో కాల్షియం సుమారు ఒక శాతం ఉంటే చాలు. గుడ్లు పెట్టే కోళ్ల కోసం తయారుచేసే లేయర్ దాణాలో అది మూడున్నర నుంచి నాలుగు శాతం దాకా ఉంటుంది. ఆ దాణాను వారాల తరబడి తిన్న పిల్లల్లో అదనపు కాల్షియాన్ని బయటకు పంపలేక మూత్రపిండాలు పాడవుతాయి. అలా చనిపోయిన పిల్లను కోసి చూస్తే గుండె మీద, కాలేయం మీద సున్నం చల్లినట్టు తెల్లని పూత కనిపిస్తుంది. బస్తా చవకగా వచ్చిందని పిల్లలకు లేయర్ దాణా వేయడం మన వైపు తరచుగా జరుగుతున్న పొరపాటు.

పెట్ట గుడ్లకు వస్తోందని ఎలా తెలుస్తుంది? గుల్ల ఎప్పుడు మొదలుపెట్టాలి?

తురాయి పెద్దదై ఎర్రబడుతుంది. పెట్ట మూలల్లో, గంపల కింద చోటు వెతుక్కుంటూ తిరుగుతుంది. వీపు మీద చెయ్యి వేయబోతే పారిపోకుండా రెక్కలు కాస్త విప్పి నేలకు ఆనుకుని కూర్చుంటుంది. ఈ గుర్తులు కనబడిన రోజే గుల్ల గిన్నె పెట్టండి, మొదటి గుడ్డు కోసం ఆగవద్దు. గుడ్డు పడటానికి సుమారు రెండు వారాల ముందు నుంచే పెట్ట తన ఎముకల లోపల కాల్షియాన్ని నిల్వ చేసుకోవడం మొదలుపెడుతుంది. ఆ నిల్వ సరిగా లేని పెట్ట మొదటి నెలలోనే నీరసపడుతుంది.

పిల్లలు, పుంజులు, పెట్టలు అన్నీ కలిసే తిరుగుతాయి. ఎవరికి ఏది పెట్టాలి?

అందరికీ తక్కువ కాల్షియం ఉన్న గ్రోయర్ దాణా (ఎదిగే కోళ్ల దాణా) గానీ ఇంట్లో కలిపిన మేత గానీ వేసి, గుల్లను మాత్రం వేరే గిన్నెలో పెట్టడం అన్నిటికన్నా సురక్షితమైన పద్ధతి. గుడ్డు పెట్టే కోడికి సాయంత్రానికి కాల్షియం మీద ప్రత్యేకమైన ఆకలి పుడుతుంది, అది వెతుక్కుని తింటుంది. పుంజు రెండు ముక్కలు పొడిచి వదిలేస్తుంది. గిన్నెను పెట్ట వీపు ఎత్తులో కట్టితే చిన్న పిల్లలకు అందదు.

## ఏది పెట్టాలి, ఎంత పెట్టాలి

మా కోళ్లు రోజంతా బయట తిరిగి పురుగులు, గడ్డి తింటాయి. వేరే ఖనిజాలు అవసరమా?

కోడి ఏ రకమో, ఎన్ని గుడ్లు పెడుతుందో చూసి చెప్పాలి. 55 గ్రాముల గుడ్డులో పెంకు బరువు ఐదున్నర గ్రాముల వరకు ఉంటుంది, అందులో కాల్షియం సుమారు రెండు గ్రాములు. తిన్న కాల్షియంలో దాదాపు సగమే ఒంటికి పడుతుంది కాబట్టి, గుడ్డు పెట్టే రోజున పెట్టకు నాలుగు గ్రాముల దాకా అందాలి. ఏడాదికి 60, 80 గుడ్లు పెట్టి, మధ్యలో పొదుగుకు కూర్చునే నాటు పెట్ట మంచి పెరట్లో తిరిగితే ఈ లోటును చాలావరకు తానే సర్దుకుంటుంది. నాటు గుడ్డు చిన్నది, పైగా విరామం ఎక్కువ. హైదరాబాద్ పౌల్ట్రీ పరిశోధన సంస్థ రూపొందించిన గ్రామప్రియ వంటి రకాలు దానికి రెట్టింపునకు పైగా గుడ్లు పెడతాయి. వాటికి పురుగులు, గడ్డి చాలవు. ఇక విజయవాడ సింగ్‌నగర్ లాంటి చోట్ల సిమెంటు చేసిన దొడ్లలో, మేడల మీద ఉండే కోళ్లకు నేల తవ్వుకునే వీలే ఉండదు కాబట్టి అవి ఏ రకమైనా గుల్ల గిన్నె తప్పనిసరి.

నూకలు, తవుడు పెడుతున్నాం. అందులో కాల్షియం ఉండదా?

లేనట్టే లెక్క. వంద గ్రాముల నూకల్లో కాల్షియం పది మిల్లీగ్రాములకు అటూ ఇటూగా ఉంటుంది, పెట్టకు కావలసింది నాలుగు వేల మిల్లీగ్రాములు. తవుడులో భాస్వరం బాగానే ఉంటుంది గానీ ఎక్కువ భాగం కోడి జీర్ణించుకోలేని ఫైటేటు రూపంలో ఉండి, కాల్షియాన్నీ జింకునూ కూడా పట్టి ఉంచుతుంది. నూకలు, తవుడుతోనే నడిచే పెరట్లో ఖనిజాల కన్నా ముందు మాంసకృత్తుల లోటు ఉంటుందని నా అభిప్రాయం. సోయా చెక్క గానీ వేరుశెనగ చెక్క గానీ (నూనె తీశాక మిగిలే పిప్పి) కొంత కలపకుండా ఖరీదైన మినరల్ డబ్బా కొనడం వృథా ఖర్చు. చెక్క కొనేటప్పుడు వాసన చూడండి. బూజు పట్టిన వేరుశెనగ చెక్క కోడి కాలేయాన్ని పాడుచేస్తుంది.

రాగులు, మునగాకు పెడితే చాలదా?

మనుషుల ఆహారంగా రాగుల్లో కాల్షియం ఎక్కువే, వంద గ్రాములకు మూడు వందల యాభై మిల్లీగ్రాముల వరకు ఉంటుంది. కానీ పెట్ట రోజంతా రాగులే తిన్నా ఒక పెంకుకు కావలసిన దానిలో పదో వంతు కూడా రాదు. మునగాకు మంచి మేత, దాన్ని మానవద్దు, అయితే అది గుల్లకు బదులు కాదు. పాలకూర, తోటకూరల్లో ఉండే ఆక్సలేట్లు కాల్షియాన్ని కట్టిపడేస్తాయి కాబట్టి వాటిని కట్టలు కట్టలుగా వేయకపోవడం మంచిది.

దాణా కొట్లో గుల్ల, సున్నపురాయి, మామూలు రాతి ముక్కలు ఒకేలా కనిపిస్తున్నాయి. తేడా ఎలా తెలుసుకోవాలి?

అరచేతిలో నాలుగు ముక్కలు వేసుకుని నిమ్మకాయ పిండండి. గుల్ల, సున్నపురాయి అయితే చిన్న చిన్న బుడగలతో చురచురమని పొంగుతుంది. నల్లరాయి గానీ ఇసుక పలుకు గానీ అయితే తడిసి ఊరుకుంటుంది. పొంగేది పెంకుకు, పొంగనిది కందనకాయలో గింజలు నలగడానికి పనికివస్తుంది. బయట తిరిగే కోడి రాతి పలుకులను తానే ఏరుకుంటుంది, ఎప్పుడూ మూసి ఉంచే కోళ్లకైతే రెండూ పెట్టాలి. గుల్ల బస్తాలో ఇసుక కలిసి వస్తుంటుంది. ఒకసారి నీళ్లలో జాడించి ఎండబెడితే ఎంత ఇసుక కొన్నారో తెలుస్తుంది.

పొడి మంచిదా, ముక్కలు మంచివా?

ముక్కలే మంచివి. బియ్యపు గింజంత, అంటే రెండు నుంచి నాలుగు మిల్లీమీటర్ల ముక్కలు సరిపోతాయి. గుడ్డు పెంకు తయారీకి సుమారు ఇరవై గంటలు పడుతుంది, అందులో ఎక్కువ పని రాత్రి జరుగుతుంది, అప్పుడు కోడి మేత తినదు. సాయంత్రం మింగిన ముక్క కందనకాయలో ఆగి, రాత్రంతా కొద్దికొద్దిగా కరుగుతూ కాల్షియాన్ని అందిస్తుంది. పిండి లాంటి పొడి గంటల్లోనే పేగుల గుండా వెళ్లిపోతుంది, రాత్రి లోటును పెట్ట తన ఎముకల నుంచి పూడ్చుకోవలసి వస్తుంది. టీ వడకట్టే జల్లెడలో పట్టి, పైన నిలిచింది గిన్నెలో వేసి, కింద పడిన పొడిని కొంచెంగా తడి మేతలో కలిపేయవచ్చు.

ఒక్కో కోడికి ఎంత? ఏ వేళకు?

నూకలు, గ్రోయర్ దాణా వంటి తక్కువ కాల్షియం మేత తింటూ దాదాపు రోజూ గుడ్డు పెట్టే కోడికి రోజుకు ఎనిమిది నుంచి పది గ్రాముల గుల్ల, అంటే సుమారు ఒకటిన్నర టీ చెంచా, పడుతుంది. రోజు విడిచి రోజు పెట్టే నాటు పెట్టకు అందులో సగం చాలు. తూకం పట్టుకుని పెట్టవలసిన పని లేదు. మధ్యాహ్నం మూడు నాలుగు గంటలకు గిన్నె నింపి గూడు మూసే వరకు ఉంచితే ఎవరికి కావలసినంత అవి తింటాయి. పూర్తి లేయర్ దాణా మీదే ఉన్న కోళ్లు గిన్నె జోలికి పెద్దగా రావు, రాలేదని మేతలో కలపవద్దు.

వాడేసిన గుడ్డు పెంకులు పెడితే గుడ్లు తినడం అలవాటవుతుందా?

పెంకును గుర్తుపట్టేలా పెద్ద ముక్కలుగా వేస్తే ఆ ప్రమాదం ఉంది. పది నిమిషాలు మరిగించి లేదా మూకుడులో వేయించి, లోపలి పొర ఎండాక రవ్వలా నలిపి వేస్తే ఉండదు. వేడి చేయడం వల్ల పెంకు మీది సూక్ష్మక్రిములు కూడా చస్తాయి. అయితే తిన్న పెంకులో సగం కాల్షియమే ఒంటికి పడుతుంది కాబట్టి ఒక పెంకు తిన్న పెట్ట మళ్లీ అర పెంకు మాత్రమే కట్టగలదు. మిగతా సగానికి గుల్ల కావాలి, గుడ్లు అమ్ముకునే ఇంట్లో ఆ సగం కూడా రాదు.

మా అమ్మమ్మ సున్నపు తేట తాగించేది. ఇప్పుడూ ఇవ్వవచ్చా?

తేటగా వడకట్టిన నీళ్లు కొద్దిగా ఇస్తే కోడి చచ్చిపోదు, కానీ ఉపయోగం చాలా స్వల్పం. సున్నం నీటిలో కరిగేదే తక్కువ, లీటరు తేటలో కాల్షియం ఒక గ్రాముకు లోపే. పావు లీటరు తాగే కోడికి పావు గ్రాము కూడా అందదు. ఆ నీటి ఘాటుకు కోళ్లు నీళ్లు తాగడం తగ్గిస్తే గుడ్లు కూడా తగ్గుతాయి. తేట కింద పేరుకున్న ముద్దను మేతలో కలపడం మాత్రం చేయకూడదు, అది నోటినీ మేతసంచినీ కాలుస్తుంది. అమ్మమ్మల కాలపు పెట్ట పెంటకుప్పలు తవ్వుకుని, నత్తగుల్లలు ఏరుకుని బతికింది, దాని పెంకు గట్టిదనం తేట వల్ల వచ్చింది కాదు.

పిడుగురాళ్ల నుంచి సున్నపురాయి పొడి చవకగా వస్తోంది. వాడవచ్చా?

పచ్చి రాయిని మర పట్టిన పొడి అయితే వాడవచ్చు. బట్టీలో కాల్చిన సున్నం అయితే వాడకూడదు. బస్తా మీద ఏది ఉన్నా, చిటికెడు పొడి నీళ్లలో వేసి చూడండి. కాల్చిన సున్నం వేడెక్కి పొంగుతుంది, పచ్చిరాయి పొడి ఊరికే అడుగుకు చేరుతుంది. మెగ్నీషియం ఎక్కువగా ఉండే డోలమైటు రాయి కోళ్లకు సరిపడదు, రెట్ట పలచబడి పెంకు నాణ్యత తగ్గుతుంది. కాబట్టి ఇళ్ల పనికి, రోడ్ల పనికి అమ్మే పొడి కాకుండా కోళ్ల దాణాకని అమ్మేదే తీసుకోండి.

సూర్యలంక సముద్రతీరానికి వెళ్లినప్పుడు ఆల్చిప్పలు ఏరుకొచ్చాం. పనికొస్తాయా?

పనికొస్తాయి. మంచినీళ్లలో ఒక రోజు నానబెట్టి, రెండు మూడు సార్లు నీళ్లు మార్చి ఉప్పు పోగొట్టి, ఎండాక గోనెసంచిలో వేసి నలగ్గొట్టండి. సూదిగా విరిగిన చీలికలను ఏరిపారేయండి. లోపల మాంసం మిగిలిన చిప్పలు వద్దు.

కోళ్లు గోడను పొడిచి సున్నం, సిమెంటు తింటున్నాయి. ప్రమాదమా?

అది కాల్షియం ఆకలికి చాలా స్పష్టమైన గుర్తు. గుల్ల గిన్నె పెట్టిన కొద్ది రోజుల్లో చాలావరకు మానేస్తాయి. పాత ఇళ్లలో తలుపులకు, కిటికీలకు వేసిన ఆయిలు పెయింటులో సీసం ఉండే అవకాశం ఉంది, పెచ్చులు ఊడే చోటికి వాటిని పోనివ్వకండి.

## కాల్షియం కాక మిగతావి

డీసీపీ (డైకాల్షియం ఫాస్ఫేట్ పొడి) కూడా కలపాలా?

కంపెనీ దాణా వాడుతుంటే అవసరం లేదు. ఇంట్లో మొక్కజొన్న, నూకలు, తవుడు, చెక్క కలుపుకునేవారు కిలోకు పది గ్రాముల డీసీపీ వేసుకోవచ్చు. డీసీపీలో భాస్వరం పద్దెనిమిది శాతం, కాల్షియం ఇరవై రెండు శాతానికి అటూ ఇటూగా ఉంటుంది. భాస్వరం కోసమే దాన్ని వాడాలి. పెంకు పలచబడిందని డీసీపీ పెంచుతూ పోతే భాస్వరం ఎక్కువై పెంకు మరింత పలచబడుతుంది.

ఉప్పు వేయాలా? మిగిలిన పచ్చళ్లు, ఎండు చేపలు పెట్టవచ్చా?

ఇంట్లో కలిపిన మేతకు కిలోకు మూడు గ్రాముల ఉప్పు కావాలి, అది అర టీ చెంచా కన్నా కొంచెం ఎక్కువ. అసలు ఉప్పు లేకపోతే గుడ్లు తగ్గి, కోళ్లు ఒకదాని ఈకలు ఒకటి పీక్కుంటాయి. ఎండు చేపలు వేస్తుంటే విడిగా ఉప్పు వద్దు, వాటిలో ఉన్నదే ఎక్కువ. ఆవకాయ జాడీ అడుగున మిగిలిన ఊటను అన్నంలో కలిపి కోళ్లకు వేయడం మాత్రం ఎవరూ చేయకూడదు. అతిగా ఉప్పు తిన్న కోడి దాహంతో అల్లాడి, నీళ్ల రెట్ట వేసి, నీళ్లు అందకపోతే గంటల్లో చనిపోతుంది.

గేదెలకు తెచ్చిన మినరల్ మిక్చర్ ఉంది. అదే కోళ్లకూ వేయవచ్చా?

వద్దు. పశువుల మిక్చర్‌లో కోళ్లకు అక్కర్లేనంత మెగ్నీషియం ఉంటుంది, కోడికి ఎక్కువగా కావలసిన మాంగనీసు తక్కువ ఉంటుంది. మాంగనీసు, జింకు లోపిస్తే పెంకు పెళుసవుతుంది, పొదిగిన పిల్లలకు కాళ్ల వంకర వస్తుంది. కోళ్ల మిక్చర్ వేరుగా దొరుకుతుంది.

కోళ్ల మినరల్ డబ్బా మీద కొలత టన్నుకు ఇంత అని రాశారు. నా దగ్గర ఉన్నది పది కిలోల మేత. ఎలా లెక్కవేయాలి?

టన్నుకు ఒక కిలో అని ఉంటే కిలో మేతకు ఒక గ్రాము, పది కిలోలకు పది గ్రాములు. ఈ లెక్క ముఖ్యం, ఎందుకంటే మార్కెట్లో రెండు రకాలున్నాయి. కాల్షియం, భాస్వరం కలిసిన పాత తరహా మిక్చర్ కిలోకు 20 నుంచి 30 గ్రాములు వేసేది. సూక్ష్మ ఖనిజాలు మాత్రమే ఉన్నది కిలోకు ఒక గ్రాముకు అటూ ఇటూగా వేసేది. మొదటి దాని కొలతతో రెండోది వేస్తే విషమే. పది గ్రాముల పొడిని నేరుగా పది కిలోల్లో గుమ్మరించకుండా, ముందు గుప్పెడు తవుడులో, తర్వాత కిలో మేతలో, చివరికి మొత్తంలో కలపాలి.

మా బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి. గుడ్డుకు ఏమైనా తేడా వస్తుందా?

వస్తుంది. తాగే నీటిలో ఉప్పు ఎక్కువైతే మేతలో కాల్షియం సరిపడా ఉన్నా పెంకు పలచబడుతుంది, గుల్ల పెంచి దాన్ని సరిచేయలేము. కోడికి రోజుకు పావు లీటరే కాబట్టి పది కోళ్లకు రెండున్నర, మూడు లీటర్ల మునిసిపల్ నీళ్లు పట్టి పెట్టడం పెద్ద ఖర్చు కాదు. పెంకు సమస్య ఉన్న పెరటికి ఎవరు పిలిచినా నేను ముందు ఆ నీళ్లు నోట్లో వేసుకుని చూస్తాను.

మిరప గింజలు వేస్తే గుడ్డు బాగుంటుందంటారు. నిజమేనా?

గుంటూరు వాళ్లకు ఈ సందేహం సహజమే. పక్షులకు మిరప ఘాటు తెలియదు కాబట్టి హాయిగా తింటాయి, ఎండు మిరప తొక్కలోని రంగు వల్ల పచ్చసొన ఎర్రబడుతుంది. పెంకుకు మాత్రం ఏమీ ఒరగదు. మిర్చి యార్డు ఊడ్పులు తెచ్చి వేయవద్దు, వాటిలో పురుగుమందు అవశేషాలు, బూజు రెండూ ఉంటాయి.

## తేడా వచ్చినప్పుడు

తోలు గుడ్డు పడింది. భయపడాలా?

కొత్తగా గుడ్లకు వచ్చిన పెట్ట మొదట్లో ఒకటి రెండు అలా పెట్టడం మామూలే. రాత్రి కుక్క గూటిని గీరినా, దీపావళి టపాసులకు బెదిరినా పెంకు పూర్తికాకుండానే గుడ్డు జారిపోతుంది. అదే పెట్ట వారంలో పదేపదే పెడితే కాల్షియం అందడం లేదని అనుకోవాలి. తోలు గుడ్డును వెంటనే తీసేయండి, దాన్ని రుచి చూసిన కోడి మిగతా గుడ్లనూ పొడుస్తుంది.

ఏప్రిల్, మే నెలల్లో పెంకు ఎందుకు పలచబడుతుంది?

రెండు కారణాలు. ఎండకు కోడి మేత తగ్గిస్తుంది, దాంతోపాటు కాల్షియమూ తగ్గుతుంది. పైగా నోరు తెరిచి ఒగర్చేటప్పుడు రక్తంలోని బొగ్గుపులుసు వాయువు ఎక్కువగా బయటకు పోతుంది. పెంకు కట్టడానికి కావలసిన కార్బొనేటు తయారయ్యేది దాని నుంచే. అందువల్ల వడగాడ్పుల రోజుల్లో గుల్ల ఒక్కటే పెంచితే ఫలితం సగమే. తెల్లవారుజామున, పొద్దు వాలాక మేత వేయండి, నీళ్ల కుండను నీడలో ఉంచి రెండు మూడు సార్లు మార్చండి, రేకుల గూడైతే పైన తాటాకు గానీ తడి గోనెపట్టా గానీ కప్పండి. బాగా వేడిగా ఉన్న రోజుల్లో పగటిపూట లీటరు నీటికి గ్రాముకు మించకుండా వంట సోడా కలపవచ్చు, పక్కనే మామూలు నీళ్లు కూడా ఉండాలి. ఉప్పు బోరు నీళ్లకు సోడా కలపవద్దు.

నెల రోజులుగా గుల్ల పెడుతున్నా పెంకు గట్టిపడలేదు. ఎందుకు?

ముందు గిన్నె నిజంగా ఖాళీ అవుతోందో లేదో చూడండి. పెత్తనం చేసే పెట్ట ఒకటి గిన్నె దగ్గరే నిలబడి బలహీనమైన వాటిని తరిమేస్తుంటే ఇంకో మూల రెండో గిన్నె పెట్టాలి. తర్వాత చూడవలసింది ఎండ. ఒంటి మీద ఎండ పడని కోడికి విటమిన్ డీ తగినంత తయారుకాదు, అది లేకుండా కాల్షియం పేగుల నుంచి రక్తంలోకి చేరదు. అపార్టుమెంటు బాల్కనీలో నీడపట్టున పెంచే కోళ్లను రోజూ పొద్దున కాసేపు ఎండలో వదలాలి, వీలుకాకపోతే విటమిన్ డీ త్రీ ఉన్న దాణా వాడాలి. ఇవన్నీ సరిగానే ఉంటే వయసు కారణం కావచ్చు. వయసు పెరిగేకొద్దీ గుడ్డు పెద్దదవుతుంది, పెంకుకు వాడే కాల్షియం మాత్రం అంతే ఉంటుంది.

పెట్ట లేవలేకపోతోంది, గుడ్డు లోపల అడ్డంపడ్డట్టుంది. ఏం చేయాలి?

గోరువెచ్చని నీళ్లలో నడుము దాకా పావుగంట కూర్చోబెట్టి, తుడిచి, చీకటిగా ఉన్న గంపలో ఉంచండి. లోపలి గుడ్డును పొట్ట నొక్కి పగలగొట్టే ప్రయత్నం చేయవద్దు. కొన్ని గంటల్లో గుడ్డు రాకపోతే దగ్గరి పశువైద్యశాలకు గానీ, విజయవాడ వైపు వారైతే గన్నవరం పశువైద్య కళాశాలకు గానీ తీసుకువెళ్లాలి. అడ్డంపడ్డ గుడ్డు లేకుండానే కాళ్లు చాచి పడిపోయిన పెట్టకు కాల్షియం అత్యవసరం, అది ఎంత, ఎలా అన్నది డాక్టరు చూసి చెప్పాలి.

ఒక్కసారిగా అన్ని కోళ్లూ తోలు గుడ్లు పెడుతున్నాయి. మినరల్స్ పెంచనా?

పెంచవద్దు, జబ్బును అనుమానించండి. ఖనిజ లోపం ఒక్కో కోడిలో నెమ్మదిగా బయటపడుతుంది, పెరడంతా ఒకే వారంలో దెబ్బతినడం సాధారణంగా అంటువ్యాధి గుర్తు. కొక్కెర తెగులులో ఆకుపచ్చ రెట్ట, గురక, మెడ వంకర కనిపిస్తాయి. శ్వాస జబ్బు బ్రాంకైటిస్‌లో పెంకు ముడతలు పడి, తెల్లసొన నీళ్లలా జారుతుంది. కోళ్లు చూడటానికి ఆరోగ్యంగానే ఉండి పెంకు లేని గుడ్లు పెట్టించే వైరస్ కూడా ఉంది. కోళ్లు చనిపోవడం మొదలైతే వాటిని కాలువలో పారేయకుండా పశువైద్యాధికారికి తెలియజేయండి.

పొదుగుకు కూర్చున్న పెట్టకు, ఈకలు రాలుస్తున్న పెట్టకు గుల్ల ఆపేయాలా?

గిన్నె అక్కడే ఉండనివ్వండి, గుడ్లు ఆగిన పెట్ట దాన్ని పట్టించుకోదు. ఆ రోజుల్లో లేయర్ దాణా మాత్రం మార్చి, పొదిగే పెట్టకు గింజలు, ఈకలు రాల్చే పెట్టకు చెక్క ఎక్కువ ఉన్న మేత ఇవ్వండి. ఈక అంతా మాంసకృత్తే కాబట్టి కొత్త ఈకలు రావడానికి కావలసింది అదే. మళ్లీ తురాయి ఎర్రబడే వేళకు గిన్నెలో పాత గుల్ల వర్షపు తేమకు గడ్డకట్టి ఉంటే పారబోసి కొత్తది నింపండి.